నా శిష్యురాలి దగ్గర బేసిక్ నేర్చుకున్న రోజులు

చోడవరంలో నేను లెక్కల టీచరుగా పనిచేస్తున్న ఉన్నత పాఠశాలకు తొంభైల మధ్యలో ఒక కంప్యూటర్ వచ్చింది. కొన్నది కాదు. మా బడిలోనే చదివి విశాఖలో స్థిరపడిన ఒకాయన, తన ఆఫీసులోకి కొత్తవి వచ్చాక పక్కన పెట్టేసినదాన్ని వ్యాన్‌లో పంపించారు. హెడ్మాస్టరు గారు దాన్ని తన గదిలో బీరువా పక్కన బల్ల మీద పెట్టించి, పూల దుప్పటి కప్పించారు. దుమ్ము పడితే పాడైపోతుందని ఎవరో చెప్పారట, ఆ గదిలోకి వచ్చేవాళ్ళు చెప్పులు బయటే విడవాలని నియమం పెట్టారు. రెండు నెలలు అది దుప్పటి కిందే ఉంది. మేము చెప్పులు విడిచి లోపలికి వెళ్ళి, సంతకాలు పెట్టి, దానివైపు ఒకసారి చూసి బయటికి వచ్చేవాళ్ళం.

ఒకరోజు హెడ్మాస్టరు గారు నన్ను పిలిచి, దీన్ని ఇలా వదిలేస్తే ఇచ్చినాయన ఏమనుకుంటారని అడిగారు. లెక్కలకూ దీనికీ దగ్గరి చుట్టరికమని విశాఖలో ఎవరో చెప్పారట.

"లెక్కలొచ్చినోళ్ళకి ఇదో పెద్ద పని కాదంటమ్మా. మీరు నేర్సుకుని వస్తే పిల్లలకి మీరే సెప్పొచ్చు," అన్నారు.

అప్పటికి నాకు ముప్పై తొమ్మిదేళ్ళు. పదిహేనేళ్ళుగా పదో తరగతికి లెక్కలు చెబుతున్నాను. చుట్టరికం ఉందంటే నమ్మేశాను.

బస్టాండుకు దగ్గరలో ఎరువుల దుకాణం ఉండేది. దాని మేడ మీద ఏడాది కిందటే ఒక కంప్యూటర్ సెంటరు తెరిచారు. సాయంత్రం బడి వదిలాక నేరుగా అక్కడికి వెళ్ళాను. మెట్లెక్కుతుంటే కింది నుంచి పురుగుమందు వాసన ముక్కులు పగిలేట్టు వస్తోంది. పైన ఒక గది, రెండు కంప్యూటర్లు, ఒక నల్లబల్ల, తొమ్మిది మంది పిల్లలు. ఇంటర్ అయిపోయినవాళ్ళు, తప్పినవాళ్ళు. బల్ల దగ్గర పంజాబీ డ్రస్సు వేసుకున్న ఒక అమ్మాయి పాఠం చెబుతోంది. నన్ను చూడగానే ఆమె చెయ్యి ఆగిపోయింది. సుద్దముక్క పక్కన పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది.

"రండి టీచరు గారూ," అంది.

నేను గుర్తుపట్టలేదు. ఎవరమ్మా నువ్వు అని అడిగాను. వడ్డాది నుంచి వచ్చేదాన్నండి, మీ దగ్గర పది చదివాను అంది. అప్పుడు గుర్తొచ్చింది, అదీ కొంచెం కొంచెంగా. మూడో వరసలో చివర కూర్చునే పిల్ల. రోజూ ఆలస్యంగా వచ్చే పిల్ల. అర్ధ సంవత్సర పరీక్షలో వందకి ఎనిమిది తెచ్చుకుంటే, కాగితం చేతికిస్తూ క్లాసు అందరి ముందూ, "లెక్కలు నీ వల్ల కాదు, హాయిగా కుట్టుమిషను నేర్చుకో," అన్నాను. ఆ పిల్ల మార్చిలో లెక్కలు తప్పింది. తర్వాత ఏమైందో నేను పట్టించుకోలేదు. మా బడిలో ఏటా ఇరవై మంది తప్పుతారు. అందరినీ ఎక్కడ పట్టించుకుంటాం?

సెప్టెంబరులో ముప్పై ఐదు తెచ్చుకుని గట్టెక్కిందట. ఇంటర్ అయ్యాక గాజువాకలో పిన్ని ఇంట్లో ఉండి, ఏడాది పాటు కంప్యూటర్ కోర్సు చదివిందట. ఈ సెంటరు వాళ్ళకు చోడవరం రోజూ వచ్చి చెప్పేవాళ్ళు దొరక్క, ఈమెను పెట్టుకున్నారు. ఇవన్నీ ఆమె నిలబడే చెప్పింది. నేను పిల్లల మధ్య ఖాళీ కుర్చీలో కూర్చున్నాను. ఆమె కూర్చోలేదు. మొదటి మూడు వారాలూ, నేను గదిలో ఉన్నంతసేపూ ఆమె ఒక్కసారి కూడా కూర్చోలేదు. నేను ఆమెను టీచరమ్మా అనాలో, ఏమే గుంటా అనాలో తేల్చుకోలేక ఏమీ అనకుండానే ప్రశ్నలు అడిగేదాన్ని.

మొదటి పాఠం నుంచే నాకు అయోమయం మొదలైంది.

ఆమె నేర్పేది బేసిక్ అనే భాష. బేసిక్ అంటే ప్రాథమికం కదా, ఓనమాలే కదా అనుకున్నాను. నేను చదివింది మొత్తం తెలుగు మీడియం. లెక్కల పుస్తకంలో ఇంగ్లీషు మాటలు వచ్చినా వాటికి తెలుగు అర్థం తెలిసే వాడతాను. అందుకని ఇంటి నుంచి ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు పట్టుకెళ్ళాను. స్ట్రింగ్ అంటే దారం అని ఉంది. లూప్ అంటే ఉచ్చు అని ఉంది. రన్ అంటే పరుగెత్తు. ఇవన్నీ నోటుబుక్కులో వరసగా రాసుకుని చూస్తే, దారంతో ఉచ్చు వేసి పరుగెత్తమన్నట్టుంది కానీ పాఠంలా లేదు.

ప్రింట్ అని కొట్టి, కొటేషన్లలో మన పేరు రాసి ఎంటర్ కొట్టమంది. కొట్టాను. నేను కంప్యూటర్ వెనక్కి వంగి చూశాను. ఏమిటి వెతుకుతున్నారని ఆమె అడిగింది. కాగితం ఎక్కడ వస్తుందని అడిగాను. పిల్లలు కిసుక్కుమన్నారు. కాగితం రాదండి, తెర మీదే వస్తుంది, దీన్ని కూడా ప్రింట్ అనే అంటారు అంది. ఎందుకంటారని అడిగితే, తెలీదండి అంది.

ఆ "తెలీదండి" నాకు నచ్చలేదు. పదిహేనేళ్ళలో నేను క్లాసులో ఆ మాట అనలేదు. తెలియనిది అడిగితే, అది మీ సిలబస్‌లో లేదు అనేదాన్ని.

ఇంకో చిక్కు. ఏదైనా తప్పు కొడితే తెర మీద 'సింటాక్స్ ఎర్రర్' అని వచ్చేది. బాగుంది, తప్పంటే తప్పే. కానీ వెంటనే దాని కింద 'ఓకే' అని కూడా వచ్చేది. నేను రెండు రోజులు దాన్ని పట్టుకుని కూర్చున్నాను. పైన తప్పంటుంది, కింద సరే అంటుంది. ఏది నమ్మాలి? నేను పేపర్లు దిద్దేటప్పుడు ఒక లెక్కకి తప్పు, ఒప్పు రెండూ వేస్తే పిల్లలు నన్ను ఏమనుకుంటారు? మూడో రోజు అడిగేశాను.

"అది మీరు సేసింది సరే అనడం కాదండి. తప్పయితే అయింది, సరే, ఇంకోటి సెప్పండి అంటన్నాది," అంది.

నాకు అర్థం కాలేదు. తప్పు చేసినవాణ్ణి నిలబెట్టి, ఎక్కడ తప్పావో చూసుకోమనకుండా, సరే ఇంకోటి చెప్పమనడం ఏ పద్ధతి? కానీ పిల్లలకి అందులో వింతేమీ కనిపించలేదు. వాళ్ళు తప్పు కొట్టేవాళ్ళు, ఓకే అనిపించుకునేవాళ్ళు, మళ్ళీ కొట్టేవాళ్ళు. నేను ఒక్కొక్క లైను కాగితం మీద రాసుకుని, రెండుసార్లు సరిచూసుకుని, అప్పుడు కొట్టేదాన్ని. అయినా నావే ఎక్కువ తప్పులొచ్చేవి.

రెండో వారంలో గోటూ నేర్పింది. ఫలానా లైనుకు వెళ్ళు అని చెప్పడం. నేను మొదటి లైనులో నమస్తే అని ప్రింట్ చేయమని, రెండో లైనులో మళ్ళీ మొదటి లైనుకు వెళ్ళమని రాశాను. రన్ అన్నాను. తెర నిండా నమస్తేలు కింది నుంచి పైకి పరుగెత్తడం మొదలుపెట్టాయి. ఆగవు. ఎంటర్ కొట్టాను. ఆగలేదు. ఏ మీట నొక్కినా ఆగలేదు. దానికేదో అయిపోయిందని, కాలిపోతుందని భయం వేసింది. లేచి గోడకున్న స్విచ్చి ఆర్పేశాను. రెండు కంప్యూటర్లూ ఒకే స్విచ్చి మీద ఉన్నాయని నాకు తెలీదు. పక్క కంప్యూటర్లో గంట నుంచి ఏదో కొడుతున్న పిల్లాడు తల పట్టుకున్నాడు. ఆమె వాడికి సర్దిచెప్పి, నా దగ్గరికి వచ్చి, కంట్రోల్ పట్టుకుని బ్రేక్ నొక్కితే ఆగుతుందని చూపించింది. తిట్టలేదు. ఆమె స్థానంలో నేనుంటే ఏమనేదాన్నో నాకు తెలుసు.

ఇంటికొచ్చాక కూడా అదే గోల. అన్నం వారుస్తూ లైన్లు వల్లించుకునేదాన్ని. మా ఆయన తాలూకా ఆఫీసులో గుమాస్తా. నెమ్మదస్తుడు. రెండు రోజులు చూసి, "ఏటి, గోడతో మాట్లాడతన్నావు?" అని అడిగారు. కంప్యూటర్ అని చెప్పాను. రాకపోతే మానేయొచ్చు కదా అన్నారు. లెక్కల టీచరుకి రాలేదంటే నవ్వరా అన్నాను.

అసలు గొడవ మూడో వారంలో వచ్చింది.

ఆ రోజు ఆమె నల్లబల్ల మీద X = X + 1 అని రాసింది. రాసి, దీంతో లెక్కపెట్టుకోవచ్చు అని చెప్పబోయింది. నేను చెయ్యెత్తాను. ఇది తప్పు కదమ్మా అన్నాను. కాదండి, ఇది కరెక్టే, ఇలాగే రాస్తారు అంది. ఎలా రాస్తారు, ఒక సంఖ్య తనకంటే ఒకటి ఎక్కువైన సంఖ్యకి ఎలా సమానమవుతుంది అన్నాను. ఆమె తడబడింది. పుస్తకం తీసి చూపించింది. పుస్తకంలో కూడా అలాగే ఉంది. పుస్తకం తప్పై ఉంటుంది అన్నాను.

అప్పటికి మూడు వారాలుగా ఒక్క విషయం కూడా సరిగా అర్థం కాక ఉన్నదాన్ని. ఇది ఒక్కటి నాకు తెలిసిన చోట దొరికింది. లేచి వెళ్ళి ఆమె చేతిలో సుద్దముక్క తీసుకున్నాను. రెండు వైపుల నుంచీ X తీసేశాను. సున్నా ఈక్వల్ టు ఒకటి అని రాశాను. పిల్లల వైపు తిరిగి, "సున్నా, ఒకటి సమానమా?" అని అడిగాను. కాదండి అన్నారు అందరూ ఒక్క గొంతుతో. నవ్వారు. నా జోకుకి కాదు, ఆమెని చూసి.

ఆమె మొహం నల్లబడిపోయింది. విశాఖలో మా సారుని అడిగి చెప్తానండి అంది. ఆ రోజుకి పాఠం అయిపోయింది. నేను మెట్లు దిగుతుంటే నాకు చాలా రోజుల తర్వాత కాళ్ళ కింద నేల దొరికినట్టుంది. సెంటరు నుంచి మా ఇంటికి పావుగంట నడక. సగం దారి వరకూ ఆ సంతోషం ఉంది. తర్వాత ఏమైందో తెలీదు, తగ్గిపోయింది. పుస్తకంలో కూడా అలాగే ఉందే అన్నది గుర్తొచ్చింది. ఆమె మొహం గుర్తొచ్చింది. ఆ మొహం అంతకుముందు ఎక్కడో చూశానని అనిపించింది. ఎక్కడ చూశానో తెలుసు కాబట్టి ఆ ఆలోచన అక్కడితో ఆపేశాను.

తర్వాత మూడు రోజులు ఆమె ఆ మాట ఎత్తలేదు. ఇంకేవో చిన్న చిన్నవి చెప్పింది. నాలుగో రోజు కరెంటు పోయింది. పిల్లలు కాసేపు చూసి వెళ్ళిపోయారు. నేనూ లేవబోతుంటే ఆమె కొంచెం ఉంటారా టీచరు గారూ అని అడిగింది. కిటికీ దగ్గర ఇంకా వెలుతురుంది. కింద రోడ్డు మీద చక్కెర ఫ్యాక్టరీకి వెళ్ళే చెరకు బళ్ళు వరసగా ఆగి ఉన్నాయి. ఆమె నా ఎదురుగా ఒక కుర్చీ లాక్కుంది. కూర్చోవడం అదే మొదటిసారి.

"టీచరు గారూ, మన క్లాసులో బోర్డు మూల మీరు హాజరు రాసీవోరు, గుర్తుందాండి?" అని అడిగింది.

గుర్తుండకపోవడమేమిటి. నేను అప్పటికీ రాస్తూనే ఉన్నాను. నల్లబల్ల పై మూల, తలుపు వైపు, మొత్తం ఇంత, హాజరు ఇంత అని. మొదటి పీరియడు నాదే కాబట్టి అది రాయడం నా పని.

"నేను వచ్చేసరికి అక్కడ నలభై ఒకటి అని ఉండేదండి. నన్ను లోనికి రమ్మన్నాక మీరు ఆ ఒకటి సెరిపీసి రెండు ఏసీవోరు. నలభై ఒకటీ నలభై రెండూ సమానమని కాదు కదండి. అక్కడ ఉన్నదానికి ఒకటి కలిపి, మళ్ళా అక్కడే పెట్టడం. ఇదీ అంతేనండి. ఆ గుర్తుని సమానం అని సదవకండి. పెట్టు అని సదవండి."

నేను బల్ల మీద ఇంకా చెరపకుండా ఉన్న ఆ లైను వైపు చూశాను. X లో, X కి ఒకటి కలిపి, పెట్టు. అంతే. అందులో తప్పేమీ లేదు. నేను పదిహేనేళ్ళుగా రోజూ చేస్తున్న పని అది. అర్థమైనందుకు సంతోషం రావాలి. రాలేదు. ఇంకేదో అడ్డం పడింది.

నీకు అదంత బాగా ఎలా గుర్తుంది అని అడిగాను.

"గుమ్మం కాణ్ణించి అదొక్కటే కనిపించీదండి," అంది.

ఆమె అది మామూలుగానే అంది. గొంతులో నిష్ఠూరమేమీ లేదు. ఉందేమో నాకు తెలీదు. ఈ రోజుకీ తెలీదు.

నా క్లాసులో ఒక నియమం ఉండేది. ఆలస్యంగా వచ్చినవాళ్ళు నేను చేస్తున్న లెక్క పూర్తయ్యే వరకూ గుమ్మం బయట నిలబడాలి. లెక్క మధ్యలో వస్తే మిగతావాళ్ళకి ఇబ్బంది అని. ఒక్కోసారి ఒక లెక్క అయ్యాక ఇంకో లెక్క మొదలుపెట్టేసేదాన్ని. గుమ్మంలో ఎవరో ఉన్నారని మర్చిపోయేదాన్ని. ఎందుకు ఆలస్యమని అడిగితే ఆ పిల్ల బస్సు టీచరు గారూ అనేది. ముందు బస్సుకి రా అనేదాన్ని. ఇప్పుడు అడిగాను, ముందు బస్సు ఉండేదా అని. లేదండి, వడ్డాది నుంచి పొద్దున అదే మొదటి బస్సు, చెరకు ఆడే క్రషింగ్ రోజుల్లో బళ్ళ వెనకాల ఇరుక్కుపోయేది అంది. మరి అప్పుడే చెప్పలేదేమని అడిగాను. చెప్పేనండి అంది.

చెప్పే ఉంటుంది. నాకు వినబడినట్టు గుర్తులేదు.

ఏదో అనాలనిపించింది. క్షమించమనాలా? నలభై దగ్గరపడిన టీచరు ఇరవై ఏళ్ళ శిష్యురాలిని ఎలా అడుగుతుంది, ఏ మాటతో అడుగుతుంది? "అప్పుడు నేను కొంచెం..." అని మొదలుపెట్టాను. అంతలో కరెంటు వచ్చింది. ఫ్యాను తిరిగింది. ఆమె లేచి కంప్యూటర్ ఆన్ చేసి, ఇక్కడ కూర్చోండి టీచరు గారూ, ఒకసారి మీరే కొట్టి చూడండి అంది. నా మాట తప్పించడానికి అందో, కరెంటు మళ్ళీ పోతుందని తొందరపడిందో తెలీదు. కొట్టాను. ఒకటి, రెండు, మూడు అని తెర మీద అంకెలు వరసగా వచ్చాయి. అదే నేను మొదటిసారి అర్థం చేసుకుని రాసిన ప్రోగ్రాం.

మర్నాడు పిల్లలు రాకముందే బడికి వెళ్ళాను. నా క్లాసు గుమ్మం బయట, పిల్లలు నిలబడే చోట నిలబడి లోపలికి చూశాను. తలుపు నల్లబల్ల ఉన్న వైపే ఉంది. అక్కణ్ణించి బల్ల ఒక సన్నటి పట్టీలా కనబడుతుంది. దాని మీద ఏం రాసి ఉన్నా చదవలేం. తలుపు వైపు మూల మాత్రం, జానెడు మేర, స్పష్టంగా ఉంది. ఎంతసేపు అలా నిలబడ్డానో, స్వీపరమ్మ వచ్చి ఏటి టీచరు గారూ తాళం తియ్యలేదా అని అడిగింది. తీసే ఉంది, ఊరికే నిలబడ్డాను అన్నాను.

ఆ వారంలో హెడ్మాస్టరు గారి దగ్గరికి వెళ్ళి, పదో తరగతి లెక్కలు మొదటి పీరియడు నుంచి మూడో పీరియడుకి మార్చమన్నాను. పొద్దున్నే బుర్రలు తాజాగా ఉంటాయి, లెక్కలు మొదటే ఉండాలని పోరాడి తెచ్చుకున్నది మీరే కదమ్మా అన్నారు. అవునండి, నేనే అన్నాను. మరి ఎందుకు మార్చడమని అడిగారు. బస్సుల గురించి చెబుదామనుకున్నాను. నోరు తెరిస్తే అదొక్కటితో ఆగదు, గుమ్మం, నియమం, కుట్టుమిషను అన్నీ వస్తాయి. ఆరోగ్యం బాగుండటం లేదు, పొద్దున్నే గట్టిగా మాట్లాడలేకపోతున్నాను అని అబద్ధం చెప్పాను. ఆయన మార్చారు. మొదటి పీరియడు సోషల్‌కి వెళ్ళింది. అప్పుడు ఆలస్యంగా వచ్చే పిల్లలకి సోషల్ పోతుంది కదా అన్నది తర్వాత తట్టింది. దానికేం చెయ్యాలో నాకు తోచలేదు. గుమ్మంలో నిలబెట్టే నియమం మాత్రం నా వరకూ నేను మానేశాను.

సెంటరులో ఇంకో రెండు నెలలు నేర్చుకున్నాను. నేర్చుకున్నానంటే మొత్తం వచ్చేసిందని కాదు. ఒకటి అర్థమైతే దాని వెనక ఇంకో రెండు అర్థం కానివి వచ్చి నిలబడేవి. కానీ అడగడం అలవాటైంది. ఆమె కూర్చునే పాఠం చెప్పడం మొదలుపెట్టింది. నేను ఆమెను మేడమ్ అనబోతే చేతులు పట్టుకుని వద్దంది. చివరికి ఇద్దరం ఒకరినొకరు టీచరు గారూ అనే పిలుచుకునేవాళ్ళం. పిల్లలకి అది పెద్ద వేడుక.

వేసవికి ముందు ఆమెకు విశాఖలో ఒక ఆఫీసులో ఉద్యోగం దొరికింది. సెంటరుకు ఇంకెవరూ దొరక్క, కొన్నాళ్ళకి దాన్ని మూసేశారు. వెళ్ళేముందు ఆమె మా ఇంటికి వచ్చింది. ఆ రోజైనా క్షమించమని అడుగుదామనుకున్నాను. టిఫిన్ పెట్టాను, చీర పెట్టాను, బస్సు ఎక్కించి వచ్చాను. అడగలేదు.

బడి తెరిచాక హెడ్మాస్టరు గారు దుప్పటి తీయించారు. తొమ్మిదో తరగతి పిల్లల్ని పదేసి మంది చొప్పున ఆ గదిలోకి పంపేవారు. పిల్లలు చెప్పులు బయట విడిచి, గోడకి ఆనుకుని నిలబడి చూసేవారు. వాళ్ళకు ఎక్కాలు వేసే ప్రోగ్రాం చూపిస్తే బాగుంటుందనిపించింది. ఏ అంకె అడిగితే ఆ ఎక్కం వచ్చేది. సెంటరులో ఆమె చేయించింది కానీ, నేను దాచుకున్న ఫ్లాపీకి వానాకాలంలో బూజు పట్టింది. నోటుబుక్కులో సగమే ఉంది. ఆమెకు ఉత్తరం రాశాను. పది రోజుల్లో ఇన్లాండు కవరులో జవాబు వచ్చింది. క్షేమ సమాచారాలు పైన, ప్రోగ్రాం కింద. ఐదారు లైన్లు.

చూడగానే ఒక విషయం బాధ కలిగించింది. అంత చిన్న ప్రోగ్రాంలో ఎన్ని కొట్టివేతలో. లైను నంబర్లు మొదట పది, ఇరవై, ముప్పై అని వేసి, తర్వాత సున్నాలు కొట్టేసి ఒకటి, రెండు, మూడు చేసినట్టుంది. ఎక్కం ఎంతవరకు వెయ్యాలో చెప్పే చోట కూడా ఒకటి నుంచి పది అని రాసి, ఆ పదిలో సున్నా కొట్టేసి ఉంది. ఉద్యోగం చేస్తోంది, ఇంకా ఈ కొట్టివేతలేమిటి, శుభ్రంగా ఇంకో కాగితం మీద రాయకూడదా అనుకున్నాను. కొట్టేసినవి వదిలేసి మిగిలింది ఉన్నదున్నట్టు కంప్యూటర్లో కొట్టాను. రన్ అన్నాను. ఎన్నో ఎక్కమని అడిగింది. పిల్లలు పదిహేడు అన్నారు. పదిహేడు ఒకట్ల పదిహేడు అని ఒక్క లైను వచ్చింది. ఓకే అని ఆగిపోయింది.

మళ్ళీ కొట్టాను. మళ్ళీ ఒక్క లైనే. పిల్లలు మర్యాదగా ఊరుకున్నారు. గంట కొట్టాక వాళ్ళని పంపేసి, ఆ ఉత్తరం తీసుకుని స్టాఫ్ రూంకి వచ్చాను. తప్పు ఆమెదే అయి ఉంటుందని నాకు అనుమానం లేదు. ఇన్ని కొట్టివేతల్లో ఎక్కడో ఒకటి కొట్టకూడనిది కొట్టి ఉంటుంది. ఎక్కడ తప్పిందో గుర్తుపెట్టి తిరిగి పంపుదామని ఎర్ర కలం తీశాను. ఒక్కొక్క కొట్టివేతకీ చుట్టూ సున్నా చుడుతూ వచ్చాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. చివరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది.

కొట్టేసినవన్నీ సున్నాలే. ఇంకే అంకె, ఏ అక్షరం కొట్టేసి లేదు. కొట్టేయకుండా వదిలిన సున్నా కూడా ఒక్కటీ లేదు. పైన ఉత్తరం రాసిన తేదీ చూశాను. అందులోని సున్నా మీద కూడా గీత ఉంది. తేదీని ఎవరు కొట్టేస్తారు?

లేచి హెడ్మాస్టరు గారి గదికి వెళ్ళాను. చెప్పులు విడవడం మర్చిపోయాను. ఆయన నా కాళ్ళ వైపు చూశారు. కంప్యూటర్ ఆన్ చేసి సున్నా మీట నొక్కి, కళ్ళజోడు సర్దుకుని, తెరకి దగ్గరగా వంగాను. సున్నా కడుపులో అడ్డంగా ఒక సన్నని గీత ఉంది. అన్ని నెలలుగా ఎన్ని వందలసార్లు చూశానో, ఒక్కసారి కూడా కనబడలేదు. సున్నాకీ ఇంగ్లీషు 'ఓ' అక్షరానికీ తేడా తెలియడం కోసం కంప్యూటర్ వాళ్ళు అలా రాస్తారని తర్వాత ఆమే ఉత్తరంలో చెప్పింది. కొత్త ఆఫీసులో అలవాటైందట. నేను పొరపాటు పడతానని తట్టలేదట.

సున్నాలన్నీ తిరిగి వాటి చోట్లలో పెట్టాను. పదిహేడో ఎక్కం పది లైన్లూ వచ్చింది. గదిలో నేనూ హెడ్మాస్టరు గారూ తప్ప ఎవరూ లేరు. ఆయన ముందుకు వంగి మొత్తం చదివి, "మరి పొద్దున ఏటయిందమ్మా, తప్పెక్కడ?" అని అడిగారు.

నా దగ్గరే అండి అన్నాను. ఆయన ఈసారి పంతొమ్మిదో ఎక్కం వేయమన్నారు.